తలలు తుంచిన లిల్లీలు

పొగాకు చేలో తలలు తుంచడానికి దిగితే సర్దార్‌బీ చేతులు ఆగేవి కావు. మొక్క నెత్తిన పూగుత్తి కనపడగానే బొటనవేలూ చూపుడువేలూ కలిపి టక్కున విరిచేది. విరిచింది నేల మీద పడేలోపు పక్క మొక్క దగ్గర ఉండేది. తల తుంచితేనే బలమంతా ఆకుకి దిగుతుంది, ఆకు బరువు తూగుతుంది. దర్శి చుట్టుపక్కల పదిహేనేళ్లు ఆ పనే చేసింది. ఏ రైతూ ఆమెకు ఒక మాట రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. అంత పనిమంతురాలి చేతులే ఒకనాడు ఆమె కొంప ముంచుతాయని ఎవరనుకుంటారు.

ఇప్పుడామె ఉండేది మార్టూరుకి ఆరు కిలోమీటర్ల అవతల, బాపయ్య గారి గెస్టుహౌసులో. బాపయ్య గారికి ఒక గ్రానైటు క్వారీ, ఒక పాలిషింగు ఫ్యాక్టరీ ఉన్నాయి. రాయి కొనడానికి పైదేశాల నుంచి వచ్చేవాళ్లు దిగడానికని మిరపచేల మధ్య ఈ ఇల్లు కట్టించాడు. గేటు పక్కన ఒక గది. ఆ గదిలో సర్దార్‌బీ, ఆమె భర్త హయాత్. అతను వాచ్‌మన్, ఆమెది తోటపని. పిల్లలు లేరు.

అంతకు ముందు పదకొండేళ్లు హయాత్ వేరే ఎవరిదో పాలిషింగు యూనిట్లో రాళ్లు నునుపు చేశాడు. షెడ్ల వెనకే గుడిసె. అన్నంలో దుమ్ము, నీళ్లలో దుమ్ము, ఇప్పుడే దులిపిన పక్కలో మళ్లీ దుమ్ము. దగ్గు మొదలై ఎంతకీ తగ్గకపోతే గుంటూరు తీసుకెళ్లి ఛాతీ ఫొటో తీయించింది. డాక్టరు ఆ ఫొటోని వెలుతురుకి పెట్టి చూసి, ఆమెను పక్కకు పిలిచాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది, ఇది తగ్గే జబ్బు కాదు అన్నాడు. దుమ్ముకి దూరంగా ఉంచితే కొన్నేళ్లు లాగుతాడు, మళ్లీ ఆ దుమ్ములోకి పంపితే ఒక్క ఏడాదికి కూడా నేను మాట ఇవ్వలేనమ్మా అన్నాడు. ఆ మాట సర్దార్‌బీ ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

అందుకే ఈ గది ఆమెకు గది కాదు, మొగుడి ఊపిరి. ఇది పోతే తలదాచుకోవడానికి మళ్లీ ఆ షెడ్ల వెనక గుడిసెలే దిక్కు. ఇంకో చిక్కు కూడా ఉంది. రోగిష్టి మనిషిని ఎవరూ వాచ్‌మన్‌గా పెట్టుకోరు. కాబట్టి జబ్బు సంగతి ఎవరికీ చెప్పలేదు. బాపయ్య గారి కారు వస్తోందంటే హయాత్ బుగ్గన లవంగం పెట్టుకుని, దగ్గు బిగపట్టి, గేటు దగ్గర కర్రలా నిలబడేవాడు. కారు కనుమరుగయ్యాక గోడ పట్టుకుని కూలబడేవాడు.

వాళ్ల నౌకరీ నిలబడడానికి ఆధారం ప్రహరీ వెంబడి ఉన్న ఒక మొక్కల వరస. బాపయ్య గారి కోడలు మాధురి హైదరాబాదులో ఉంటుంది. ఆమెకు తోటల పుస్తకాలంటే పిచ్చి. కిందటేడు శ్రావణంలో కడియం నర్సరీ నుంచి నూటిరవై దుబ్బులు తెప్పించి గోడ పొడుగునా నాటించింది. బంతీ చామంతీ లాగా ఏటేటా పీకి పారేసేవి కావట. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి అక్కడే పిలకలు వేసుకుంటూ దుబ్బు కడతాయట. పేరు డే లిల్లీ అని చెప్పింది. లిల్లీ అంటే సర్దార్‌బీకి తెలిసింది బస్టాండు దగ్గర పూలకొట్లో కట్టలుగా అమ్మే తెల్ల లిల్లీ ఒక్కటే.

"ఈ వరస పూయించావనుకో, నువ్విక్కడ ఎన్నేళ్లయినా ఉండొచ్చు. ఎండబెట్టావా, నర్సరీ నుంచే మాలీని తెచ్చుకుంటాం" అంది మాధురి మొదటి రోజే.

ఆ మాటతో సర్దార్‌బీ ఆ మొక్కలకి దాసీ అయిపోయింది. మొదళ్లలో ఎండుటాకులు పరిచి తడి ఆరకుండా చూసింది. మాగిన పశువుల ఎరువు చాటలతో మోసి వేసింది. మిరపకు పట్టే తామరపురుగు వీటికీ పడితే, మందు కొట్టకుండా వేపగింజల కషాయంతో ఆకు ఆకూ తుడిచింది. ఇంట్లో పసిబిడ్డ ఉంటే కూడా అంత చేసేది కాదని హయాత్ ఆటపట్టించేవాడు.

ఫాల్గుణం వెళ్లేసరికి గడ్డిలాంటి ఆకుల మధ్య నుంచి మోకాటి ఎత్తున కాడలు లేచాయి. కాడ కొసన పదీ పన్నెండు మొగ్గలు. మొదటి పువ్వు పండుమిరప రంగులో విచ్చుకుంది, తర్వాత పసుపువి, గంధం రంగువి. పొద్దున విచ్చిన పువ్వు సాయంత్రానికి ముడుచుకుపోతుంది. మర్నాడు పక్క మొగ్గ వంతు. సర్దార్‌బీ వాటికి ఒంటిపూట పూలని పేరు పెట్టుకుంది. ముడుచుకుపోయినవి మెత్తబడి, తడిగుడ్డ పేలికల్లా కాడనే వేలాడుతుండేవి. వాటిని ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఒక గురువారం పొద్దున్నే ఫోను మోగింది. హైదరాబాదు నుంచి మాధురి.

"వచ్చే వారం ఇటలీ వాళ్లొస్తున్నారు సర్దార్‌బీ. వరస ఎట్లా ఉంది?"

"బాగుందండీ అమ్మగారూ. రోజుకి నలభై యాభై పూలు పూస్తున్నాయి."

"తలలు తుంచుతున్నావా?"

సర్దార్‌బీ ఫోను గట్టిగా చెవికి ఆనించుకుంది. "తలలాండీ?"

"అవును. నిన్నే పుస్తకంలో చూశాను. డే లిల్లీకి తలలు తుంచాలట. లేకపోతే బలమంతా వృథా."

"అన్నీ తుంచాలా అమ్మగారూ?"

"అన్నీ. ఒక్కటి కూడా మిగలకూడదు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, తర్వాత బాగా పూస్తాయి కూడా."

పాపం ఆ మాధురి మనసులో ఉన్నది వాడిపోయిన పూలు. ఇంగ్లీషు పుస్తకంలో 'డెడ్‌హెడింగ్' అని చదివిన ముక్కని ఆమె ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పింది. కానీ ఒంగోలు నుంచి దర్శి దాకా తల తుంచడమంటే అర్థం ఒక్కటే. ఆ అర్థం సర్దార్‌బీ వేళ్లలో ఉంది.

అయినా ఆమెకు అనుమానం రాకపోలేదు. వరస దగ్గర నిలబడి ఆలోచించింది. పొగాకుకి తల తుంచేది ఆకు కోసం, దీని ఆకు ఎవడిక్కావాలి. మళ్లీ ఆమే సర్దిచెప్పుకుంది. బంతికి కూడా తల గిల్లితే పక్క కొమ్మలు విరగబూస్తాయి గదా, ఇదీ అట్టాంటిదే అయ్యుంటుంది. చదువుకున్న మనిషి పుస్తకం చూసి చెబుతుంటే, ఎదురు అడిగి తెలివితక్కువది అనిపించుకోవడం దేనికి. కొంగు బిగించి వంగింది. గంట కూడా పట్టలేదు. నూటిరవై దుబ్బులకీ కలిపి రెండు వందల చిల్లర కాడలు, విచ్చిన పువ్వుతో, నిండు మొగ్గలతో సహా, అడుగంటా విరిచేసింది. కుప్ప చేసి వేపచెట్టు నీడలో పడేసి, చేతులు కడుక్కుని, పని బాగా కుదిరిందనే అనుకుంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి మళ్లీ ఫోను.

"ప్రోగ్రాం మారింది. వాళ్లు రేపు పొద్దున ఎనిమిదికే వస్తున్నారు. మామయ్య గారు, నేను వెంట వస్తాం. వాడిన తలలన్నీ తీసేశావుగా?"

వాడిన. ఆ ఒక్క మాట పొద్దున లేదు. సర్దార్‌బీ వేపచెట్టు కింది కుప్ప వైపు చూసింది.

"వినపడుతోందా? మొగ్గలు మాత్రం జాగ్రత్త. ఒక్క మొగ్గ రాలిందంటే ఒక రోజు పూత పోయినట్టే. రేపటికి ఎన్ని విచ్చుకుంటాయి?"

"ఉన్నాయండీ" అంది సర్దార్‌బీ. ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు. "బాగానే ఉన్నాయండీ అమ్మగారూ."

ఫోను పెట్టేసి వరండా మెట్ల మీద కూర్చుండిపోయింది. హయాత్ వచ్చి అడిగితే వరస వైపు చెయ్యి చూపించింది. గోడ పొడుగునా గడ్డి. ఒక్క పువ్వు లేదు.

"నా చేతులు విరగ్గొట్టుకోవాలయ్యా" అంది. "రేపు పొద్దునకల్లా మనల్ని ఇక్కణ్ణించి గెంటేస్తారు. నిన్ను నేనే తీసుకెళ్లి ఆ దుమ్ములో పడేసినట్టయింది."

హయాత్ తిట్టలేదు. వేపచెట్టు కిందికెళ్లి ఒక కాడ తీసి చూశాడు. పొద్దున పది గంటలప్పుడు విరిచినవి, నీడలో ఉన్నాయి గాబట్టి ఇంకా వడలలేదు. మొగ్గలు బిర్రుగానే ఉన్నాయి.

"బస్టాండు కాడ పూలకొట్లో లిల్లీ కాడలు బకెట్లో పెడతారు గుర్తుందా" అన్నాడు. "కోసిన రెండో రోజు కూడా మొగ్గలు విచ్చుకుంటానే ఉంటాయి. ఇవీ లిల్లీలే గదా."

"అవి వేరు, ఇవి వేరు."

"పేరు ఒకటే గదా. చూద్దాం."

ఆ పేరు పట్టుకుని వేలాడడం తప్ప వాళ్లకి ఇంకో దారి లేదు. వంటింటి వెనక గెస్టులు తాగి పారేసిన మంచినీళ్ల సీసాలు గోనెసంచి నిండా ఉన్నాయి. లెక్కపెడితే డెబ్భై. దుబ్బు పక్కన గుంట తవ్వి సీసాని మూతి దాకా పాతాలి. నీళ్లు నింపి, కాడలు రెండేసి అందులో గుచ్చి, ఆకుల్ని చుట్టూ దగ్గరికి తియ్యాలి. చూసేవాళ్లకి కాడ దుబ్బులోంచే లేచినట్టు ఉండాలి. సర్దార్‌బీ బాగా బలిసిన మొగ్గలున్న కాడలు ఏరి, కొసలు కొడవలితో ఏటవాలుగా మళ్లీ కోసి, తొట్టి నీళ్లలో వేసింది.

డెబ్భై గుంటలు. పైన తడి ఉన్నా జానెడు కింద రేగడి రాయిలాగే ఉంది. పది గుంటలు తవ్వేసరికి ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంతలో వెనక ఇంకో గునపం చప్పుడు. చూస్తే వరస రెండో కొసన హయాత్.

"నువ్వు తవ్వొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా, అక్కడ పెట్టెయ్యి."

"నువ్వొక్కదానివే ఎప్పటికి తవ్వుతావే."

"తవ్వితే నీ ప్రాణం పోతది."

"తవ్వకపోతే మిగులుద్దా" అన్నాడు హయాత్, చాలా మామూలుగా.

అతను ఒక గుంట తవ్వి, గునపం మీద వాలి, రొమ్ము ఎగిరెగిరి పడుతుంటే కళ్లు మూసుకుని నిలబడేవాడు. కాస్త తెరిపి కాగానే ఇంకో గుంట. ఆమె తన గుంటలు తవ్వుకుంటూ అతని దగ్గు వింటూ ఉంది. దగ్గు ఆగితే భయం, ఆగకపోతే భయం. తన మీద తనకే పుట్టిన కోపంతో రెండు చేతులా గునపం ఎత్తి నేలని పొడిచింది. పొద్దు గూకే వేళకి ఆఖరి సీసా పాతారు. హయాత్ గోడకి చేరగిలబడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. చిన్నబిడ్డకి పట్టినట్టు గ్లాసుతో నీళ్లు పట్టింది.

తెల్లవారుతుండగా సర్దార్‌బీ చాప మీంచి లేచి వరస దగ్గరికెళ్లింది. చీకటి విడిపోయే ఆ కాసేపట్లో ఏమీ కనపడలేదు. తర్వాత ఒక ఎరుపు కనపడింది. దాని పక్కన పసుపు. సగానికి సగం కాడల్లో మొగ్గలన్నీ ముడుచుకునే ఉన్నాయి, కొన్ని తలలు వాల్చాయి. కానీ గోడ పొడుగునా అరవై డెబ్భై పూలు విచ్చుకుని నిలబడ్డాయి. ఆమె అక్కడే మట్టిలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఎనిమిదింటికి రెండు కార్లు వచ్చాయి. హయాత్ బుగ్గన లవంగంతో గేటు తీసి సలాం చేశాడు. ఇటలీ వాళ్లు ముగ్గురు, అందులో ఒకావిడ. ఆవిడ నేరుగా పూల దగ్గరికి పోయి, కెమెరా పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. ఒక ఎర్ర పువ్వుని రెండు వేళ్లతో పట్టుకుని తన వైపు తిప్పుకుంది. కాడ కొంచెం కదిలింది. సర్దార్‌బీ ఒక అడుగు ముందుకేసింది. కాడ కదిలినంతే కదిలి ఆగింది. ఆవిడ ఏదో అంది, మాధురి ముఖం వెలిగిపోయింది.

"తలలు తుంచితే ఎంత తేడా వచ్చిందో చూశావా" అంది మాధురి సర్దార్‌బీతో. సర్దార్‌బీ తలూపింది.

గెస్టులు టిఫిన్లకి లోపలికెళ్లాక బాపయ్య గారు వరస వెంట ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచి వచ్చాడు. ఆయన ఎవర్నీ తొందరగా మెచ్చుకునే రకం కాదు. ఆ రోజు మెచ్చుకున్నాడు.

"ఏమ్మా, నీ చేతిలో పనుందే. ఈ రేగట్లో ఇట్టా పూయించావంటే మాటలు కాదు." కోడలి వైపు తిరిగాడు. "వచ్చేవాళ్లు ఇక్కడ పడుకునేది ఒక్క పూట. రోజంతా తిరిగేది ఫ్యాక్టరీలో. అక్కడ గేటు నుంచి ఆఫీసు దాకా బండలు తప్ప పచ్చనాకు లేదు. ఈ దుబ్బులన్నీ పిలకలు తీసి అక్కడ నాటిద్దాం."

"మంచి ఆలోచన మామయ్యా" అంది మాధురి.

"సర్దార్‌బీ, నువ్వే చూసుకోవాలి. షెడ్డు పక్కనే గది ఇప్పిస్తా. హయాత్‌ని ఫ్యాక్టరీ గేటుకి వేస్తాం. ఇక్కడికి ఎవరినో ఒకరిని పంపుతాంలే."

సర్దార్‌బీ నోరు తెరిచింది. ఆయనకి దుమ్ము పడదండీ అనాలి. అంటే ఎందుకు పడదో చెప్పాలి. చెబితే ఈ గేటుకీ పనికిరాడు, ఆ గేటుకీ పనికిరాడు. పూలు దొంగపూలండీ, నాకు పని రాదండీ అందామా, అన్నా ఇంతే. ఎటు నుంచి ఎటు తిరిగినా గోడే. ఆమె ఆలోచన తెగకముందే గేటు దగ్గర నుంచి హయాత్ గొంతు వినపడింది.

"అట్టాగేనండీ. వెళ్తామండీ."

"ఎప్పుడు మొదలుపెడతావు?" అని మాధురి అడిగింది. "పిలకలు తియ్యడానికి ఒక వారం చాలా?"

వారం అంటే వారం రోజుల ఊపిరి. సర్దార్‌బీకి ఏదో తెగింపు వచ్చింది.

"ఇప్పుడు తీయకూడదండీ అమ్మగారూ. ఈ ఎండల్లో కదిపితే ఒక్క పిలక బతకదు. వానలు పడ్డాకే."

"నీళ్లు పెడుతూ ఎప్పుడైనా నాటుకోవచ్చని పుస్తకంలో ఉందే."

"ఆ పుస్తకం ఏ ఊళ్లో రాశారో అమ్మగారూ. మన నేల సంగతి మీకు తెలవంది కాదు" అని ఆమె బాపయ్య గారి వైపు చూసింది. ఎంత గ్రానైటు మారాజు అయినా ఆయన ఒకప్పుడు మిరప వేసిన మనిషే.

"నిజమేలే" అన్నాడాయన. "తొలకరి పడనీ. పదును వాన పడ్డ మర్నాడే లారీ పంపుతా."

కార్లు వెళ్లిపోయాక హయాత్ లవంగం ఉమ్మేసి ఎంతసేపు దగ్గాడో. దగ్గు తెరిపిచ్చాక, "ఎందుకు ఒప్పుకున్నావయ్యా" అని అతని భుజాలు పట్టి కుదిపేసింది సర్దార్‌బీ.

"నీ నోటి నుంచి నిజం వచ్చేట్టుంది, అందుకని" అన్నాడు. "నిజం చెబితే ఈ రోజే పోతాం. ఇట్టా అయితే తొలకరి దాకా ఉంటాం. అన్ని రోజులు తక్కువా?"

రెండువేల మూడు అది. కిందటేడు వానలు ముఖం చాటేశాయి. ఈ ఏడైనా పడకపోతుందా అని ఆ ప్రాంతమంతా ఆకాశం వైపు చూస్తోంది. రోహిణి వెళ్లింది, మృగశిర వచ్చింది, చినుకు లేదు. దర్శి నుంచి సర్దార్‌బీ అక్క షాజాదీ మనిషితో కబురు పంపింది. కౌలుకి తీసుకున్న రెండెకరాల్లో పత్తి వెయ్యాలట, విత్తనాలు తెచ్చి ఇంట్లో పెట్టుకుందట, వాన కోసం దువా చెయ్యవే అని. కబురు తెచ్చిన మనిషికి సర్దార్‌బీ మజ్జిగ ఇచ్చి, చేస్తానని చెప్పమంది. ఆ మనిషి వెళ్లాక చాప పరిచి కూర్చుంది. అక్క ముఖం, అక్క పిల్లల ముఖాలు కళ్ల ముందు కదులుతుండగానే, యా అల్లా, ఇంకొక్క నెల వాన ఆపు అని వేడుకుంది. అంత పాపిష్టి మాట తన నోట ఎప్పుడూ రాలేదని ఆమెకు తెలుసు. మర్నాడు కూడా అదే వేడుకుంది.

ఆ తర్వాతి శుక్రవారం ఊరి ముస్లిములంతా ఎండలో ఈద్గా దగ్గరికెళ్లి వాన కోసం నమాజు చేశారు. హయాత్ కూడా వెళ్లాడు. ఆగి ఆగి నడుస్తూ తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"నువ్వేం అడిగావు?" అంది సర్దార్‌బీ.

"అందరితో పాటు చేతులెత్తాను" అన్నాడు. "ఆమీన్ అనేచోట నోరు పెగల్లేదు."

నమాజు చేసిన పదో రోజున, నేల లోపలి దాకా తడిసేలా పదును వాన పడింది. మిరపచేల గట్ల మీద మనుషులు తడుస్తూనే నిలబడి కేకలేసుకున్నారు. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే, చెప్పిన మాట ప్రకారం, ఫ్యాక్టరీ లారీ వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు తడిపిన గోనెపట్టాలు దింపాడు. ఫ్యాక్టరీ దగ్గర దుమ్ము ఎక్కువ గాబట్టి ఆకులకి పట్టకుండా దుబ్బులన్నీ బాగా కప్పి తీసుకురమ్మని మాధురమ్మ గారు మరీ మరీ చెప్పారట. సర్దార్‌బీ దుబ్బులు పెకలించి, పిలకలు విడదీసి, లారీలో పేర్చి, ఒక్కొక్క పట్టా కప్పుకుంటూ వచ్చింది. చివరి పట్టా కప్పలేదు. కొడవలితో దానిలోంచి మూరెడు ముక్క కోసి, నీళ్లలో ముంచి పిండి, క్యాబిన్‌లో కూర్చున్న హయాత్ ముక్కూ నోరూ మూసేలా తల వెనక గట్టిగా ముడేసింది. డ్రైవరు ఆమెను వింతగా చూశాడు. హయాత్ మాత్రం వద్దనలేదు.